నాట్ వన్ లెస్: ఆ పిల్ల వెళ్లింది పిల్లాడి కోసమా, పది యువాన్ల కోసమా?

గోదారిగట్టు రాశారు:

నిన్న రాత్రి మా తమ్ముడూ నేనూ కలిసి చూశాం. సినిమా గంటా నలభై నిమిషాలు, ఆ తర్వాత మా గొడవ ఇంకో గంట. తేలలేదు, అందుకే ఇక్కడికి తెచ్చాను.

చూడనివాళ్లకి కథ క్లుప్తంగా. 1999లో జాంగ్ యిమౌ తీసిన చైనా సినిమా. హెబేయ్ రాష్ట్రంలో కొండల మధ్య షుయ్‌చువాన్ అని ఓ ఊరు, ఊరికి ఒకటే బడి, బడికి ఒకడే మాస్టారు. ఆయన పేరు గావ్. తల్లికి బాగాలేదని నెల రోజులు ఊరెళ్తుంటే, ఊరి పెద్ద పక్క ఊరి నుంచి పదమూడేళ్ల పిల్లని బదులు టీచరుగా పట్టుకొస్తాడు. వేయ్ మిన్‌జి. ఆ పిల్ల చదివిందే ప్రాథమిక బడి వరకు, ఒక పాట కూడా మొదటి నుంచి చివరిదాకా రాదు. నెలకి 50 యువాన్లు ఇస్తామంటారు. వెళ్లేటప్పుడు గావ్ మాస్టారు రోజుకి ఒకటి లెక్కన సుద్దముక్కలు లెక్కపెట్టి చేతిలో పెట్టి, నలభై మంది ఉండే బడి ఇరవై ఎనిమిదికి వచ్చింది, నేను తిరిగొచ్చేసరికి ఒక్కరు కూడా తగ్గకూడదు, తగ్గకపోతే ఇంకో 10 యువాన్లు నేనిస్తా అంటాడు. తర్వాత జాంగ్ హుయికె అనే అల్లరి పిల్లాడు ఇంట్లో అప్పు తీర్చడానికి పట్నం పనికి పోతాడు, ఈ పిల్ల వాణ్ణి వెతుక్కుంటూ పట్నం పోతుంది.

మా తమ్ముడు ఏమంటాడంటే, ఇది గురుశిష్యుల ప్రేమ కథ అక్కా, ఏడిపించేసింది అని. నేనేమో అది ఆ పది యువాన్ల కోసమే వెళ్లింది, వాడి మీద ప్రేమ ఎక్కడుందిరా, ఆ రోజు ఉదయం దాకా వాడు పోతే పీడా పోయిందన్నట్టే ఉంది కదా అన్నాను. పాఠం బోర్డు మీద రాసేసి, రాసుకోండి అని చెప్పి, బయట గుమ్మం దగ్గర కూర్చుని ఎవరూ పారిపోకుండా కాపలా కాసే పిల్ల అది. మీరేమంటారు?

పాతరీలు రాశారు:

మీ ఇద్దరూ కాదు. అది ప్రభుత్వం కోసం తీసిన ప్రకటన.

మొదటి గంట చాలా బాగుంటుంది, ఒప్పుకుంటాను. చివరికి ఏమవుతుంది? టీవీ స్టేషన్ మేనేజర్ గారు దయగలవాడు, టీవీలో చూపిస్తారు, జనం డబ్బులిస్తారు, రంగు సుద్దముక్కల పెట్టెలు ఊళ్లోకి వస్తాయి. ఆ బడికి అన్నేళ్లూ డబ్బులు ఎందుకు రాలేదో, గావ్ మాస్టారికి ఆరు నెలల జీతం ఎవడు ఎగ్గొట్టాడో అడిగేవాడు లేడు. ఇదే మాట అప్పట్లో బయటి విమర్శకులు కూడా అన్నారు. ఆ ఏడాది కాన్ సినిమా ఉత్సవం నుంచి జాంగ్ యిమౌ ఈ సినిమానీ, దీంతోపాటు తనదే ఇంకో సినిమా ద రోడ్ హోమ్‌నీ రెండింటినీ వెనక్కి తీసుకుని, చైనా సినిమా అనగానే ప్రభుత్వానికి వ్యతిరేకమా అనుకూలమా అన్న ఒక్క చూపుతోనే చూస్తారు మీరు అని అక్కడి పెద్దాయన జిల్ జాకబ్‌కి బహిరంగ లేఖ రాశాడు. తర్వాత ఈ నాట్ వన్ లెస్సే వెనిస్ ఉత్సవానికి వెళ్లి అక్కడి పెద్ద బహుమతి గోల్డెన్ లయన్ తెచ్చుకుంది, అది వేరే సంగతి.

నేను మాత్రం ఆ చివరి పావుగంట కత్తిరించేసి చూస్తాను.

లెక్కలమాస్టారు రాశారు:

పాతరీలు గారూ, ఆవేశం తగ్గించండి, ముందు లెక్క చూద్దాం. నేను రిటైరైన లెక్కల టీచర్ని, ఈ సినిమాని నేను లెక్కల సినిమాగానే చూశాను.

1999లో డాలరుకి 8.28 యువాన్లు, మనకి సుమారు 43 రూపాయలు. అంటే 50 యువాన్లు మన డబ్బుల్లో దగ్గరదగ్గర 260 రూపాయలు, ఆ పది యువాన్ల బోనస్ 52 రూపాయలు. నెల రోజుల పని, ఇరవై ఎనిమిది మంది పిల్లలు, రాత్రి పడుకునేది కూడా ఆ బడిలోనే.

ఇక అసలు సీను. పట్నం వెళ్లడానికి బస్సు డబ్బులు కావాలి. క్లాసులో లెక్క మొదలవుతుంది. టికెట్ ఎంతుంటుంది, వెళ్లేది ఒకరు, వచ్చేది ఇద్దరు, అంతా కలిపి 9 యువాన్లు. ఎలా తేవాలి? ఇటుకలు మోద్దాం. ఎన్ని ఇటుకలు? బోర్డు మీద గుణకారం. అప్పటిదాకా చూచిరాతలో మునిగి పేలు చూసుకుంటున్న క్లాసు ఒక్కసారిగా చేతులెత్తి జవాబులు చెబుతుంది, బయట నుంచి ఊరి పెద్ద తొంగిచూసి, పర్లేదే, ఈ పిల్ల లెక్కలు కూడా చెబుతోందే అని మురిసిపోతూ వెళ్లిపోతాడు. ముప్పై ఏళ్ల సర్వీసులో నాకు బీఈడీలో చెప్పిన ఏ బోధనా పద్ధతీ ఇంత బాగా పనిచేయలేదండీ, నిజంగా అవసరం ఉన్న లెక్క ఇస్తే ఏ పిల్లాడూ నిద్రపోడు.

సరే, ఇటుకలు మోసి 15 యువాన్లు సంపాదిస్తారు. 9 పోగా 6 మిగిలాయి కదా అని రెండు కోకా కోలా డబ్బాలు కొని క్లాసంతా తలా ఒక గుక్క తాగుతారు. తర్వాత బస్టాండుకి వెళ్తే తెలుస్తుంది, టికెట్టే ఒకరికి 20.50 అని. అంటే లెక్కంతా సరిగ్గా చేశారు, మొదటి సంఖ్యే తప్పు.

గోదారిగట్టు రాశారు:

మాస్టారూ, కోక్ దగ్గర మా తమ్ముడు కంపెనీ యాడ్ అన్నాడు. నాకైతే ఆ అమ్మాయిల మొహాలు గుర్తుండిపోయాయి, గుక్క మింగకుండా నోట్లోనే ఉంచుకుని చూస్తారు.

వలసపిట్ట రాశారు:

నేను పాలమూరు వాణ్ణి. చాలా రోజులుగా ఇక్కడ చదవడమే తప్ప రాయలేదు, ఈ సినిమా పేరు చూసి ఆగలేకపోయాను.

డిగ్రీ అయ్యాక రెండేళ్లు విద్యా వాలంటీరుగా చేశాను. నెలకి వెయ్యి రూపాయలు, అది కూడా మూడు నాలుగు నెలలకోసారి ఒకేసారి వచ్చేది, ఆ మధ్యలో మా నాయన బీడీ ఖర్చులకి కూడా నన్నే అడిగేవాడు. రెండు గదులు, ఐదు తరగతులు. పర్మినెంట్ సార్ ఉండేవారు, మంచాయన, కానీ ఆయనకి ఓటర్ లిస్టులు, జనాభా లెక్కలు, మీటింగులు. దసరా అయ్యిందంటే పిల్లలు తగ్గడం మొదలు. మేస్త్రీ అడ్వాన్స్ ఇచ్చిపోతాడు, తల్లిదండ్రులు బొంబాయో పూనానో పోతారు, చిన్నపిల్లని చూసుకోవడానికి పెద్దపిల్లని తీసుకుపోతారు. ఇంట్లో ముసలవ్వ ఉంటే పిల్ల బడిలో మిగులుతుంది, లేకపోతే లేదు.

అందుకే మీ గొడవ నాకు కొంచెం వింతగా ఉంది. ప్రేమా డబ్బా అని అడుగుతున్నారు. నేను కూడా పిల్లల ఇళ్ల చుట్టూ తిరిగాను, నిజం చెప్పాలంటే మొదట్లో హాజరు తగ్గితే నా పోస్టు పోతుందన్న భయంతోనే తిరిగాను. పిల్లలు తక్కువైతే వాలంటీరుని తీసేస్తారు. తిరగ్గా తిరగ్గా వాళ్ల ఇంట్లో తాగిన చాయ్, వాళ్ల అమ్మ చెప్పిన అప్పుల లెక్క, ఇవన్నీ కలిసి ఎప్పుడు ఏది ఏదైందో నాకే తెలియదు. సినిమాలో ఆ పిల్ల హుయికె ఇంటికి పోయి మంచంలో ఉన్న వాళ్లమ్మని చూసే సీను ఉంటుంది. నేను అక్కడ ఆపేసి బయటికి పోయి సిగరెట్ కాల్చుకుని వచ్చి మళ్లీ చూశాను.

ఇంకోటి. పరుగు బాగా తీసే ఒక అమ్మాయిని స్పోర్ట్స్ స్కూలు వాళ్లు తీసుకుపోవడానికి వస్తే, ఈ టీచరు ఆ పిల్లని దాచేస్తుంది గుర్తుందా? ఆ అమ్మాయికి అది మంచి అవకాశం. అయినా దాస్తుంది, జీపు వెంట పరిగెడుతుంది. అక్కడ మాత్రం గోదారిగట్టు అక్క చెప్పిందే కరెక్ట్, అది పూర్తిగా పది యువాన్ల పరుగే.

పాతరీలు రాశారు:

వలసపిట్ట గారూ, మీ పోస్ట్ చదివాక నా ప్రకటన మాట కొంచెం వెనక్కి తీసుకుంటున్నాను. పూర్తిగా కాదు.

చివర్లో తెర మీద ఏటా పది లక్షల మంది పిల్లలు పేదరికం వల్ల బడి మానేస్తున్నారు, దాతల సాయంతో 15 శాతం మంది తిరిగి వస్తున్నారు అని రాస్తారు. మిగతా 85 శాతం సంగతి మనమే ఊహించుకోవాలి. అది సెన్సారు కళ్లుగప్పి చెప్పిన మాటా, లేక విరాళాల పిలుపా అన్నది ఇప్పటికీ నాకు తేలలేదు.

బడి మీద చైనా సినిమా చూడాలంటే నా ఓటు చెన్ కైగే తీసిన కింగ్ ఆఫ్ ద చిల్డ్రన్‌కి, 1987. "ఆ చెంగ్" అనే రచయిత నవలిక ఆధారం. సాంస్కృతిక విప్లవం రోజుల్లో పట్నం నుంచి యున్నాన్ పల్లెకి పంపిన కుర్రాడిని టీచర్ని చేస్తారు. పిల్లల దగ్గర పుస్తకాలు ఉండవు. రోజూ పాఠం మొత్తం బోర్డు మీద రాయడం, వాళ్లు దించుకోవడం. (మన వేయ్ మిన్‌జి చేసేది కూడా ఇదే, పన్నెండేళ్ల తర్వాతి సినిమాలో.) కొన్నాళ్లకి అతనికి విసుగొచ్చి, పుస్తకం పక్కనపెట్టి మీకు తెలిసింది మీరే రాయండి అంటాడు. వాంగ్ ఫూ అనే విద్యార్థి నిఘంటువు మొత్తం చేత్తో దించడం మొదలుపెడతాడు. సిలబస్ ప్రకారం చెప్పడం లేదని టీచర్ని పీకేస్తారు. వెళ్లిపోతూ వాంగ్ ఫూకి చెప్పేది, ఇక ఏదీ దించొద్దు, నిఘంటువు కూడా, అని.

1988లో కాన్‌లో చూపిస్తే అక్కడి విలేకరులు దీనికి గోల్డెన్ అలారం క్లాక్ అని ఒక వెక్కిరింపు బహుమతి ఇచ్చారు, అందరికంటే ఎక్కువ నిద్రపుచ్చిన సినిమా అని. నాకు నిద్ర రాలేదు.

నిద్రపట్టదు రాశారు:

పాతరీలు అన్నా ఆ సినిమా పేరు నోట్ చేసుకున్నా, నాకు పనికొస్తుంది 😄 నాట్ వన్ లెస్ ఎక్కడ దొరుకుతుంది? తెలుగు డబ్బింగ్ ఉందా? లింక్ ఉంటే పడేయండి ఎవరైనా

మోడరేటర్ రాశారు:

దొంగ లింకులు ఇక్కడ వద్దు, ఇదివరకే చాలాసార్లు చెప్పాం. చర్చ బాగుంది, కానివ్వండి.

చైనాలో_ఆరేళ్లు రాశారు:

నేను ఎంబీబీఎస్ అక్కడ చేశాను. మన తెలుగు పిల్లలు చాలామంది ఉండేవాళ్లం బ్యాచ్‌లో. మొదటి ఏడాది చైనీస్ భాష క్లాసు తప్పనిసరి, ఆ మేడమ్ ఈ సినిమా వేసింది. మాకు నేర్పింది పుస్తకం చైనీస్, సినిమాలో వాళ్లు మాట్లాడేది హెబేయ్ పల్లె యాస, ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. మేడమ్ నవ్వి, నాకు కూడా కొన్నిచోట్ల కింద అక్షరాలు కావాలి అంది.

నటులెవరూ నటులు కాదని మీకు తెలిసే ఉంటుంది. వేయ్ మిన్‌జి, జాంగ్ హుయికె వాళ్ల అసలు పేర్లే. గావ్ మాస్టారు నిజంగా పల్లెటూరి మాస్టారే, ఊరి పెద్ద నిజంగా ఊరి పెద్దే, టీవీ స్టేషన్ మేనేజర్ కూడా అలాంటి ఆఫీసు నడిపిన మనిషే. చివర పేర్లు వేసేటప్పుడు పక్కన వాళ్ల వృత్తి కూడా వేస్తారు. పట్నం సీన్లలో కొన్ని దాచిన కెమెరాతో తీశారు, దారిన పోయేవాళ్లకి అది సినిమా అని తెలియదు.

మేడమ్ చెప్పిన ఇంకో విషయం ఇక్కడ చెప్పాలి. పల్లె మాస్టార్లలో రెండు రకాలు. ప్రభుత్వ జీతం ఉన్నవాళ్లు, ఊరే పోషించుకునే వాళ్లు. రెండోవాళ్లని మిన్‌బాన్ టీచర్లు అంటారు. వాళ్లకి ఊరి పంట బాగుంటే జీతం, లేకపోతే ధాన్యం, అదీ లేకపోతే మాట. మేడమ్ వాళ్ల నాన్న అలా చాలా ఏళ్లు చేసి పర్మినెంట్ పరీక్ష రాసి పాసయ్యారట. చెబుతూ చెబుతూ ఆవిడ గొంతు మారింది, మేం ఇరవై ఏళ్లవాళ్లం, ఇబ్బందిగా పుస్తకాలు సర్దుకున్నాం.

తొమ్మిదేళ్ల నిర్బంధ విద్య చట్టం అక్కడ 1986లోనే వచ్చింది. చట్టంలో నిర్బంధం, చేతిలో మాత్రం ఫీజు రసీదు. పుస్తకాలకి ఇంత, బొగ్గుకి ఇంత అని. 1989లో హోప్ ప్రాజెక్టు అని విరాళాలతో బడులు కట్టే కార్యక్రమం మొదలైంది. పెద్దపెద్ద కళ్లతో పెన్సిల్ పట్టుకుని పైకి చూస్తున్న పాప ఫోటో ఒకటి ఉంటుంది, 1991లో అన్హుయి రాష్ట్రంలో తీసింది, అదే వాళ్ల గుర్తు. ఈ సినిమా చివరి విరాళాలన్నీ ఆ గాలిలోంచి వచ్చినవే, పాతరీలు గారు దర్శకుడు కల్పించాడు అనుకుంటున్నారు కానీ నిజంగానే అప్పుడు పల్లె బడి బాగుపడిందంటే చాలాచోట్ల అలాగే. పల్లెల్లో ఫీజులు పూర్తిగా ఎత్తేసింది 2007లో.

ఫీజు పోయింది, బడి కూడా పోయింది. 2001 నుంచి చిన్న బడులన్నీ మూసి మండల కేంద్రంలో పెద్ద బడిలో కలపడం మొదలుపెట్టారు. ఆరేళ్ల పిల్లలు హాస్టల్లో ఉండాల్సి వచ్చింది. దాతలు కట్టించిన బడులు కూడా కొన్ని ఖాళీగా పడి ఉన్నాయి. 2012లో ప్రభుత్వమే ఇక చాలు ఆపండి అంది.

వలసపిట్ట రాశారు:

బడుల విలీనమా. ఆంధ్రా మిత్రులకి 117 జీవో గుర్తొస్తుంటుంది.

లెక్కలమాస్టారు రాశారు:

గుర్తు చేయకండి బాబూ.

రాత్రిబండి రాశారు:

ఇంత చర్చలో బ్లైండ్ షాఫ్ట్ ఎవరూ తేలేదేంటి? లీ యాంగ్ తీశాడు, 2003, బెర్లిన్ సినిమా ఉత్సవంలో సిల్వర్ బేర్ బహుమతి వచ్చింది, చైనాలో విడుదలకి అనుమతే లేదు. బడి కనిపించదు సినిమాలో, కానీ నా దృష్టిలో అది బడి ఫీజుల సినిమానే.

ఇద్దరు మోసగాళ్లు. ఎవడో ఒక కూలీని మా బంధువు అని చెప్పి బొగ్గు గనిలోకి తీసుకెళ్లి, లోపల చంపి, గని కూలింది అని నాటకమాడి యజమాని దగ్గర నష్టపరిహారం తీసుకుంటారు. రెండోసారి దొరికింది పదహారేళ్ల కుర్రాడు. బడి మానేసి వచ్చాడు, ఎందుకంటే చెల్లెలి చదువుకి డబ్బులు పంపాలి. చంపడానికి తీసుకెళ్తున్నవాళ్లలో ఒకడు తన కొడుకు చదువు కోసం ఇంటికి డబ్బు పంపుతుంటాడు. వాడు ఆ కుర్రాడిని చూసి తటపటాయిస్తాడు. అంతే, అక్కడి నుంచి నాకు ఊపిరాడలేదు. చంపేవాడిదీ చచ్చేవాడిదీ ఒకటే ఖర్చు.

దానికి సంగీతం లేదు, ఓదార్పు లేదు. నాట్ వన్ లెస్ చూసి కళ్లు తుడుచుకున్నవాళ్లు ఇది చూస్తే కళ్లు తుడుచుకోవడానికి కూడా ఉండదు.

పాతరీలు రాశారు:

ఇదిగో, ఇదీ నేను చెప్పేది. ఒకటి వెనిస్‌లో గెలిచి ఇంట్లో కూడా ఆడింది, ఇంకోటి ఇంట్లో ఆడనే లేదు. రెంటిలోనూ పిల్లాడు బడి వదిలి పనికి పోవడమే.

చైనాలో_ఆరేళ్లు రాశారు:

ఆడనిచ్చిన సినిమా కాబట్టే ఆ పల్లెల వాళ్లు కూడా చూశారు కదా అన్నా. మా మేడమ్ వాళ్ల నాన్న చూసింది ఇదే.

పూలచెట్టు రాశారు:

డాక్యుమెంటరీలు చూసే ఓపిక ఉంటే వాంగ్ బింగ్ తీసిన త్రీ సిస్టర్స్, 2012. యున్నాన్‌లో మూడువేల మీటర్ల పైన ఒక ఊరు, పదేళ్లు, ఆరేళ్లు, నాలుగేళ్ల ముగ్గురు అక్కచెల్లెళ్లు. తల్లి వెళ్లిపోయింది, తండ్రి పట్నంలో కూలి. పదేళ్ల పిల్ల గొర్రెలు కాస్తుంది, బంగాళాదుంపలు, పేడ, చెల్లెళ్ల పేలు, దగ్గు. రెండున్నర గంటలు. మధ్యలో కాసేపు బడి వస్తుంది, వచ్చి పోతుంది. నేను పిల్లలు పడుకున్నాక ముక్కలు ముక్కలుగా నాలుగు రాత్రులు చూశాను. గాలి చప్పుడు వినడానికైనా చూడండి.

గోదారిగట్టు రాశారు:

అందరూ నన్ను వేరే సినిమాలకి పంపేస్తున్నారు, నా ప్రశ్నకి మాత్రం జవాబు రాలేదు 😀

మా తమ్ముడు పక్కనే కూర్చుని ఇవన్నీ చదువుతున్నాడు. వాడి వాదన ఏంటంటే, టీవీలో కూర్చోబెట్టి అడిగితే ఆ పిల్లకి మాట రాలేదు కదా, డబ్బు కోసం వచ్చినదైతే చకచకా చెప్పేది కదా అని.

లెక్కలమాస్టారు రాశారు:

అమ్మా, మీ ప్రశ్న కోసమే నేను నిన్న మళ్లీ పెట్టి కాగితం మీద రాసుకుంటూ చూశాను. మా ఆవిడ చూసి ఈ వయసులో కూడా హోంవర్కా అంది.

చూడండి. 15 వచ్చాయి, కోక్‌కి 6 పోయాయి, చేతిలో 9. బస్సు టికెట్‌కి చాలదు కాబట్టి దొంగతనంగా ఎక్కుతుంది, దించేస్తారు, నడుస్తుంది. కాబట్టి పట్నం చేరేసరికి ఆ 9 అలాగే ఉన్నాయి. అక్కడ హుయికెతో కలిసి వెళ్లిన అమ్మాయి ఉంటుంది, వాణ్ణి స్టేషన్లో పోగొట్టుకున్నది. వచ్చి చూపించవే అంటే నా కూలి పోతుంది అంటుంది. బేరం, రెండున్నర. మిగిలింది ఆరున్నర. ఆ ఆరున్నరతో కాగితం, సిరా, కుంచె కొని రాత్రంతా ప్రకటనలు రాస్తుంది. చేతిలో సున్నా.

అంటే పది యువాన్ల బోనస్ కోసం వచ్చిన పిల్ల తొమ్మిది యువాన్లు ఖర్చు పెట్టేసింది. ఇక లాభం ఒక్క యువాన్. తిరిగి వెళ్లడానికి దారి ఖర్చు లేదు. లెక్క తెలిసిన పిల్ల, సుద్దముక్క కూడా లెక్కపెట్టుకునే పిల్ల. అక్కడితో ఆగిపోవాలి. ఆగలేదు. హోటల్లో ఎవరో వదిలేసిన నూడుల్స్ తిని, ఒక పెద్దమనిషి చెప్పాడని టీవీ స్టేషన్ గేటు దగ్గరికి వెళ్లింది. గేటు దగ్గర ఆవిడ లోపలికి పంపదు, మేనేజర్ కళ్లద్దాలు పెట్టుకుంటాడు అని మాత్రం చెబుతుంది. బయటికి వచ్చే ప్రతి కళ్లద్దాల మనిషినీ మీరేనా మేనేజర్ అని అడుగుతూ ఒకటిన్నర రోజు నిలబడింది.

కాబట్టి బయల్దేరింది పది యువాన్ల కోసమే, మీదే రైటు. ఆ రాత్రి సిరా కొన్నప్పటి నుంచి మాత్రం మీ తమ్ముడిది రైటు.

పాతరీలు రాశారు:

మాస్టారూ, ఈ లెక్క నేను గమనించలేదు. సిరా కొనేటప్పుడు ధర అడగడం, ఎంచుకోవడం అంతసేపు ఎందుకు చూపిస్తున్నాడా అని విసుక్కున్నాను కూడా.

వలసపిట్ట రాశారు:

చివరి సీన్ల మీద పాతరీలు అన్నకి ఒక మాట. టీవీ వాళ్లు హుయికెని పట్నం ఎలా ఉంది అని అడుగుతారు. బాగుంది అంటాడు. ఏది మర్చిపోలేవు అంటే, అడుక్కు తినడం అంటాడు. విరాళాల బండి ఊళ్లోకి వస్తుంటే, కెమెరా ముందే అంటాడు. ఆ పావుగంట కత్తిరిస్తే ఇది కూడా పోతుంది.

పాతరీలు రాశారు:

సరే. కత్తిరించను.

తమ్ముడు_నేనే రాశారు:

ఇప్పుడే ఖాతా తెరిచాను, అక్క నా పేరుతో తనకి నచ్చినట్టు రాసేస్తోంది కాబట్టి. కోక్ యాడ్ అన్నది నేను కాదు, తనే. ఇంకా రంగు సుద్దముక్కలతో తలా ఒక అక్షరం రాయమంటే హుయికె మూడు రాస్తానని వేయ్ లావ్‌షి, అంటే వేయ్ టీచర్ అని రాసినప్పుడు ఏడ్చింది కూడా తనే. నేను వంటింట్లో ఉన్నాను.

గోదారిగట్టు రాశారు:

వీడి ఖాతా తీసేయండి మోడరేటర్ గారూ.

నిద్రపట్టదు రాశారు:

లింక్ సంగతి ఎవరూ చెప్పలేదు. డీవీడీ దొరికింది, ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌తో. ఆ నిద్రపుచ్చే సినిమా కూడా దొరికితే ఇదే థ్రెడ్‌లో చెప్తా.